మూడో చానల్లో ఎవరో ఉన్నారు

పోయినవారం చదవనివాళ్ళు కంగారు పడక్కర్లేదు. చదివినవాళ్ళు మాత్రం ఒక్క క్షణం ఓపిక పట్టండి. మాస్టారికి జ్వరం తగ్గింది గానీ, అది పోతూ పోతూ చెవులు పట్టుకుపోయింది. బోలెడు సినిమాలకి సంగీతం కట్టిన మనిషి ఇప్పుడు భార్య ఎదురుగా నిలబడి అరిచినా పెదాలు చూసి పోల్చుకోవలసిందే. పూర్తిగా పోలేదు, మంద్రంలో ఇంకా కొంత ప్రాణం ఉంది, హెడ్‌ఫోన్లు పెట్టుకుని నెమ్మదిగా ప్రయత్నించమనండి అన్నాడు చెవుల డాక్టరు. మాస్టారు తన పాత కీబోర్డుని మేడమీది గదిలోకి చేర్పించుకుని తలుపేసుకున్నారు. ప్రయత్నించారో లేదో ఎవరికీ చెప్పలేదు. నిన్న భోజనాల దగ్గర మాత్రం కంచం ముందు కూర్చుని, "ఈ సినిమా వదిలేస్తున్నా. ఇదే కాదు, ఇంక ఏదీ చెయ్యను. డైరెక్టర్ని రమ్మనండి, నా నోటితోనే చెప్తా" అన్నారు. ఆయన చెయ్యి కడుక్కునేలోపే పెద్దకొడుకు ఫోన్ చేసేశాడు. డైరెక్టరు ఈ సాయంత్రం వస్తున్నాడు.

ఆ మాట ఒకసారి బయటివాడి ముందు అన్నారంటే ఇక వెనక్కి తీసుకోరు. అన్నమాట మీద నిలబడడం అనే జబ్బు మాస్టారికి జ్వరం కంటే చాలా ముందునుంచే ఉంది. ఇంట్లో అందరికంటే ఆ సంగతి బాగా తెలిసినది చిన్నకోడలు. తెలిసీ ఏమీ చెయ్యలేక, కింద స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని, డైరెక్టరుకి అప్పజెప్పవలసిన పనిని సర్దుతోంది.

ఆమె ఆ ఇంటికి కోడలిగా రాకముందే ఆ స్టూడియోకి ప్రోగ్రామర్‌గా వచ్చింది. మాస్టారు బాణీ వాయిస్తే దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, వయొలిన్లు ఎక్కడ రావాలో, వేణువు ఎక్కడ ఆగాలో చూసుకోవడం ఆమె పని. డప్పు వాయించే చిన్నకొడుకు తర్వాత పరిచయమయ్యాడు. అతను ఇప్పుడు కచేరీల మీద ఊళ్ళు తిరుగుతున్నాడు. "మా ఆవిడ నన్ను కాదు, మా నాన్న కీబోర్డుని చేసుకుంది" అని నలుగురిలో చెప్పి నవ్విస్తుంటాడు. అందులో అబద్ధం పెద్దగా లేదు.

ఆ మధ్యాహ్నం కంప్యూటర్ రెండుసార్లు బిగుసుకుపోయింది. రోజూ వాడే ఫైలు తెరుచుకోనంటే, విసిగిపోయి కొత్త ఫైలు మొదలుపెట్టింది. పతాక సన్నివేశం. తల్లి పడవెక్కి వెళ్ళిపోతుంటే ఒడ్డున కూతురు నిలబడి ఉంటుంది. దానికి మాస్టారు కట్టవలసిన బాణీ ఇంకా రాలేదు. ఇక రాదు కూడా. కనీసం చుట్టూ ఉండే వయొలిన్ల పని పూర్తి చేద్దామని రికార్డు నొక్కింది.

చెయ్యి మీటల మీద పెట్టకముందే స్పీకర్లలోంచి ఒక మంద్రస్వరం గుర్రుమంది.

ఆమె చేతులు పైకి తీసేసింది. స్వరం ఆగింది. మళ్ళీ మొదలుపెట్టబోయింది. మళ్ళీ వచ్చింది.

కంప్యూటరుకీ వాయిద్యాలకీ మధ్య ఇలాంటి తగాదాలు ఆమెకి కొత్త కాదు. వాయిద్యాన్ని కంప్యూటరుకి కలిపే మిడి వైరులో పాట ఉండదు. ఏ మీట నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అనే కబుర్లు మాత్రమే ఉంటాయి. కబురు అందుకున్నవాడు దాన్ని తన గొంతుతో పాడతాడు. నొక్కారన్న కబురు అంది, వదిలారన్న కబురు దారిలో పడిపోతే ఆ స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ముందు అదే అనుకుని అన్ని స్వరాల్నీ ఒక్కసారిగా నోరు మూయించే మీట నొక్కింది. నిశ్శబ్దం. హమ్మయ్య అనుకునేలోపు మరో స్వరం వచ్చింది. కాసేపు ఉండి, తనంతట తనే ఆగింది. ఇరుక్కుపోయిన స్వరమైతే తనంతట తను ఆగదు.

తన కీబోర్డు వైరు పీకేసింది. స్వరం వచ్చింది. పక్కనే ఉన్న డ్రమ్ములపలక వైరు పీకేసింది. అయినా వచ్చింది. ఇప్పుడు ఆ బల్లమీద కంప్యూటరుతో మాట్లాడే వాయిద్యం ఒక్కటీ లేదు. తెరమీద మాత్రం, కబురు వచ్చినప్పుడల్లా వెలిగే చిన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతూ ఆరుతూనే ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అనుకుంది. ఉన్న బాధ చాలదని ఇప్పుడు దెయ్యాలు కూడా కావాలా అని గొణుక్కుంటూ, వచ్చిన కబుర్లని ఒక్కొక్కటిగా రాసి చూపించే కిటికీ తెరిచింది.

ప్రతి కబురు ముందూ ఒకటే ఉంది. మూడో చానల్.

ఆమె కీబోర్డు ఒకటో చానల్లో మాట్లాడుతుంది. డ్రమ్ములు పదో చానల్లో. ఆ స్టూడియోలో మూడో చానల్ ఒక్క వాయిద్యానికే ఇచ్చింది ఆమె. మాస్టారి పాత కీబోర్డుకి.

వైర్ల పెట్టె వెనక్కి వంగి చూసింది. ఎప్పుడో మేడమీది గదిలో బాణీలు కట్టుకునే రోజుల్లో గోడలోంచి రెండు వైర్లు వేయించారు మాస్టారు. ఒకటి పైనుంచి కిందికి, ఇంకొకటి కిందినుంచి పైకి. ఇవాళ్టికీ పెట్టెకి గుచ్చే ఉన్నాయి. రోజూ తెరిచే ఫైల్లో పైగది తలుపు మూసి ఉండేదన్నమాట. కొత్త ఫైలు ఎవరినీ ఎరగదు కనుక అన్ని తలుపులూ తెరిచి కూర్చుంది. అందుకే ఇవాళ వినపడింది.

పెద్దకొడుకు లోపలికి వచ్చాడు. స్టూడియో వ్యవహారాలన్నీ ఆయన చేతిమీదుగానే నడుస్తాయి. గొంతు పెంచి మాట్లాడడం ఎవరూ చూడలేదు. పొద్దున్నే స్టూడియో తలుపు తీసి, కంప్యూటర్ ఆన్ చేసి, టీ తాగడం ఆయన దినచర్య. ఇవాళ్టినుంచి ఈ సినిమా సంగీతం కూడా ఆయన పేరు మీదికే రాబోతోంది.

"ఏంటమ్మా, ఆ గుర్రు?"

"పైనుంచి వస్తోంది బావగారూ. మామయ్య కీబోర్డులోంచి."

ఆయన తెరకేసి చూడలేదు. నేరుగా వైర్ల పెట్టెకేసి చూశాడు.

"అది పాడైపోయిందమ్మా. కరెంటు హెచ్చుతగ్గులకి దానంతటదే పిచ్చి నోట్లు పంపిస్తోంది. ఆ వైరు పీకెయ్. డైరెక్టరు వచ్చే వేళైంది."

"కరెంటుకి వరస తెలీదు బావగారూ."

"అంటే?"

ఆమె తెరమీద వేలు పెట్టి చూపించింది. అట్టడుగు మీట. కాస్త ఆగి దాని పక్కది. ఇంకాస్త ఆగి ఆ పక్కది. ఒక్కటి కూడా తప్పిపోకుండా, ఎవరో చీకటి మెట్లెక్కుతూ కాలితో తడుముకుంటున్నట్టు, కింది చివరినుంచి పైకి వస్తున్నాయి.

"నాన్నగారు దాన్ని ముట్టుకోవడం లేదు. అమ్మ చెప్పింది" అన్నాడు పెద్దకొడుకు.

"మరి ఎవరు నొక్కుతున్నారు?"

"నొక్కితే నొక్కనీ. ఆయనకి అదొక కాలక్షేపం. వినపడనివాడి ముందు..." అని చటుక్కున ఆగిపోయాడు. చెవిటివాడి ముందు శంఖం అనే సామెతని ఆ ఇంట్లో జ్వరం వచ్చిన దగ్గరనుంచి ఎవరూ వాడడం లేదు. ఎవరూ వద్దనలేదు, అందరికీ దానంతటదే నోటికి అడ్డం పడుతోంది.

కోడలు ఆ మాట విననట్టే ఉంది. ఆమె చూపు తెరమీద ఇంకో వరస మీద పడింది. ఎంత గట్టిగా నొక్కారో చెప్పే అంకె. నూట ఇరవై ఏడు. మళ్ళీ నూట ఇరవై ఏడు. కింది దాకా అదే అంకె. అంతకంటే గట్టిగా నొక్కినా ఆ వాయిద్యం చెప్పలేదు, అదే దాని హద్దు.

మాస్టారి చెయ్యి అది కాదు. ఇన్నేళ్ళలో ఆయన వాయించినది ఎప్పుడూ అందులో సగం కూడా దాటలేదు. పసిపిల్ల చెంప ముట్టుకున్నట్టు ముట్టుకునేవారు మీటల్ని. ఆయన వాయించినదాన్ని రికార్డు చేశాక కాస్త పెంచుకోవడం ఆమెకి అలవాటు. "మీ వేళ్ళకి మొహమాటం ఎక్కువ మామయ్యా" అని ఏడిపించేది. ఇప్పుడు ఆ వేళ్ళే పిడుగుల్లా పడుతున్నాయి, ఒక్కో మీట మీదా, ఆగి ఆగి. ఎందుకు ఆగుతున్నారో ఆమెకి అర్థమైంది. నొక్కి, వినపడుతుందేమోనని చూస్తున్నారు. వినపడక పక్కదానికి వెళ్తున్నారు.

ఆమె మౌస్ వదిలేసింది.

"నేను పైకెళ్ళి వస్తా."

"ఇప్పుడా? ఎందుకమ్మా ఆయన్ని కదిలించడం? మనసు గట్టి చేసుకుని ఒక నిర్ణయానికి వచ్చారు. పుండు మీద కారం చల్లడం తప్ప ఒరిగేదేం లేదు."

"ఒక్క నిమిషం బావగారూ."

"నే చెప్పేది విను. వద్దు."

ఆ ఇంట్లో పెద్దకొడుకు వద్దన్న పని చిన్నకోడలు ఇంతవరకూ చెయ్యలేదు. ఇవాళ లేచి నిలబడింది. మేడమెట్లకేసి నడిచింది.

మెట్ల మలుపులో అత్తగారు ఆరిన బట్టలు మడత పెడుతోంది. మెట్టుకి అడ్డంగా కూర్చుని మడత పెడుతోంది.

"పడుకున్నారమ్మా. లేపకు."

"పడుకోలేదు అత్తయ్యా."

అత్తగారు తల ఎత్తి చూసింది. ఏదో అనబోయి, మోకాళ్ళ మీది బట్టలు పక్కకి జరుపుకుని దారి ఇచ్చింది. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదని కోడలు అప్పుడు గమనించలేదు.

గది తలుపు దగ్గరగా వేసి ఉంది. కొట్టి లాభం లేదు కనుక తోసుకుని వెళ్ళింది. మాస్టారు కిటికీకి వీపు పెట్టి కీబోర్డు ముందు కూర్చుని ఉన్నారు. చెవి మిషన్ తీసి దిండు మీద పెట్టారు. తలకి పెద్ద హెడ్‌ఫోన్లు. కుడిచేతి చూపుడువేలు ఒక మీటని కుర్చీలోంచి లేచేంత బలంతో నొక్కి పట్టింది. కళ్ళు మూసుకున్నారు. ఆ గదిలో మీట చెక్క చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

నేలమీద ఆమె నడక అదురు తెలిసి కళ్ళు తెరిచారు. చెయ్యి ఒళ్ళోకి లాక్కున్నారు. పక్కింట్లో పువ్వు కోస్తూ దొరికిపోయిన పిల్లాడి మొహం అయింది ఆయనది.

"ఊరికే" అన్నారు. తన గొంతు తనకే వినపడదు కనుక ఆ మాట వీధిలోకి వినపడేట్టు అన్నారు. "డాక్టరు చెప్పాడుగా, మంద్రంలో ఉందని. మొదటిరోజునుంచీ చూస్తూనే ఉన్నానమ్మా. ఇంట్లో వాళ్ళకి చెప్తే ఆశ పెట్టుకుంటారని చెప్పలా. కింది చివరినుంచి పై చివరిదాకా, రోజూ. ఒక్కటి, ఒక్క మీట కూడా పలకలా నాకు. అందుకే నిన్న ఆ మాట అన్నది. తొందరపడి కాదు."

ఆమె ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. ఓదార్పు మాటలు పెదాలు చూసి చదువుకోవడం మరీ కష్టం. ఊరికే చెయ్యి చాపి, ఆయన తలమీది హెడ్‌ఫోన్లు నెమ్మదిగా తీసింది. తీసినవాటిని ఎక్కడ పెట్టాలో తెలియక తన చెవులకే పెట్టుకుంది. ఎంత గట్టిగా పెట్టుకుని వింటున్నారో చూద్దామనిపించిందో, ఆయన వింటున్న నిశ్శబ్దం ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపించిందో ఆమెకే తెలియదు.

ఒక మీట నొక్కింది.

ఏమీ వినపడలేదు.

ఇంకొకటి నొక్కింది. రెండు చేతులతో నాలుగు మీటలు కలిపి నొక్కింది. సూది పడితే వినిపించే చెవులు ఆమెవి. వాటికీ ఏమీ వినపడలేదు.

శబ్దం పెంచి తగ్గించే బిరడా చూసింది. ఎక్కువ వైపు చివరిదాకా తిప్పి ఉంది. హెడ్‌ఫోన్ల పిన్ను ఉండవలసిన చోటే ఉంది. ఇక మిగిలింది ఒక్కటే. కీబోర్డు నుదుటిమీది చిన్న తెరలో ఒక్కో పేజీ తిప్పుకుంటూ వెళ్ళింది. వేళ్ళు తడబడి ఒకటి దాటేసి మళ్ళీ వెనక్కి వచ్చింది. అక్కడుంది.

లోకల్: ఆఫ్.

కీబోర్డు అంటే ఒకే డబ్బాలో ఇద్దరు మనుషులు. నొక్కించుకునేవాడు ఒకడు, పాడేవాడు ఒకడు. ఇద్దరి మధ్యా ఒక తలుపు. కంప్యూటరుతో కలిపినప్పుడు ఒకే స్వరం రెండుసార్లు మోగకుండా ఆ తలుపు మూసేస్తారు. అప్పుడు మీటలు చెప్పేదంతా వైరులోంచి కంప్యూటరుకే వెళ్తుంది, పక్కనున్న గాయకుడి చెవిన పడదు. కిందకి వైరు గుచ్చి ఉంది, ఇక్కడ తలుపు మూసి ఉంది. ఈ గదిలో కూర్చుని ఎంత బాదినా హెడ్‌ఫోన్లలోకి చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా రాదు. చెవులు బాగున్న కోడలికే రాలేదు. ఆయనకేం వస్తుంది?

ఇన్ని రోజులూ ఈయన తన చెవుల్ని కాదు, మూసిన తలుపుని పరీక్షించుకున్నారు. పరీక్ష తప్పానని తనకు తానే తీర్పు చెప్పుకున్నారు.

"ఏంటమ్మా? ఏం చూస్తున్నావ్?"

ముందు బిరడాని బాగా కిందికి తిప్పింది. తలుపు తెరిచింది. లోకల్: ఆన్. హెడ్‌ఫోన్లు ఆయన తలకి పెట్టి, చెవులమీద సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసి, ఆయన చూపుడువేలు పట్టుకుని అడుగు మీట మీద పెట్టింది. వాయించండి అన్నట్టు తల ఊపింది. బిరడాని వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా పెంచుతూ ఆయన మొహమే చూసింది.

మొదట ఏమీ మారలేదు. తర్వాత కనుబొమలు దగ్గరపడ్డాయి. తర్వాత నోరు కొంచెం తెరుచుకుంది. ఆయన రెండో చెయ్యి గాల్లోకి లేచి, ఉండు, పెంచకు అన్నట్టు ఆమెని ఆపింది.

"ఉంది" అన్నారు.

పక్క మీట నొక్కారు. "ఇదీ ఉంది." ఆ పక్కది. ఆ పక్కది. నడిమి మీటలకి వచ్చేసరికి తల అడ్డంగా ఊపి, అక్కడితో ఆపి, మళ్ళీ కిందికి వెళ్ళిపోయారు. వినపడేదంతా కింది మీటల్లోనే, జానెడు మేరే. ఆ జానెడు మేరలోనే రెండు చేతులూ పెట్టి, మళ్ళీ ఆ పాత మొహమాటపు వేళ్ళతో, ఏదో ఎత్తుకున్నారు. కోడలికి శబ్దం వినపడలేదు, హెడ్‌ఫోన్లు ఆయనకే ఉన్నాయి. కానీ ఏళ్ళ తరబడి ఆ చేతుల్ని చూసిన మనిషి. వేళ్ళు నడిచే తీరు చూసి బాణీ పోల్చుకోగలదు. పడవ. తల్లి వెళ్ళిపోతోంది. ఇన్ని రోజులూ మనసులో కట్టుకుని ఉంచుకున్నారు, వినపడితే వాయిద్దామని. ఆమె ఏడ్చేసింది. తుడుచుకోను కూడా లేదు. ఆయన చూడడం లేదు కదా.

ఏడుస్తూనే తనని తాను తిట్టుకుంది. ఈ తలుపు మూసే అలవాటు తనదే. కీబోర్డు కింద స్టూడియోలో ఉన్న రోజుల్లో పొద్దున్నే లోకల్ ఆఫ్ చేసేది తనే. ఎందుకంటే ఈ పాత మోడలుకి జ్ఞాపకం తక్కువ. రాత్రి కరెంటు తీసేస్తే మూసిన తలుపు మళ్ళీ తెరుచుకునేది, తెల్లారితే మళ్ళీ...

ఆలోచన అక్కడే ఆగింది.

మాస్టారు ఏ రాత్రీ ఈ కీబోర్డుని ఆపకుండా పడుకోరు. ఆపితే తలుపు దానంతటదే తెరుచుకోవాలి. తాను ఈ గదిలోకి వచ్చి కీబోర్డు ముట్టుకుని ఎన్నాళ్ళో అయింది. మరి రోజూ ఎవరు మూస్తున్నారు?

ఆ ప్రశ్న పూర్తి కాకముందే మాస్టారి చేతులు తడబడ్డాయి. అదే మీటని మళ్ళీ నొక్కారు. గట్టిగా నొక్కారు. పిడికిలితో కొట్టారు. మొహంలోకి వచ్చిన రంగంతా ఆమె కళ్ళముందే దిగిపోయింది.

ఆమె చిన్న తెరకేసి చూసింది. ఆయన రెండు చేతులూ మీటల మీదున్నాయి. తన రెండు చేతులూ పక్కకి వాలి ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు.

లోకల్: ఆఫ్.

కబుర్లు పైనుంచి కిందికే కాదు, కిందినుంచి పైకి కూడా వెళ్తాయి. తలుపు మూసెయ్ అన్న ఆజ్ఞ కూడా ఒక కబురే. కంప్యూటర్లో ఒక ఫైలు తెరవగానే ఆ ఆజ్ఞ పైకి పోయేట్టు పెట్టడం చిటికెలో పని. కొత్త ఫైల్లో అది లేదు, ఎందుకంటే దాన్ని మొదలుపెట్టింది తను. ఇందాక తెరుచుకోనన్న, రోజూ వాడే పాత ఫైలుని ఇప్పుడు ఎవరో మళ్ళీ తెరిచారు. కింద స్టూడియోలో ఉన్నది ఒక్కరే. పొద్దున్నే అందరికంటే ముందు కంప్యూటర్ ఆన్ చేసేదీ ఆయనే. జ్వరం తగ్గాక ఈ కీబోర్డుని పైకి మోసుకొచ్చి, రెండు వైర్లూ జాగ్రత్తగా గోడకి గుచ్చిందీ ఆయనే. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆమె పట్టుకుంది, పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయింది.

మాస్టారు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"పోయిందమ్మా."

ఆమె లేదు లేదని చేతులు ఊపింది. తెర చూపించింది. ఆయన చూడలేదు. కిటికీలోంచి కిందికి చూస్తున్నారు. గేటు ముందు డైరెక్టరు కారు ఆగి ఉంది.

"వచ్చాడు. మంచిదే. ఒక్కసారి ఆశ పెట్టి పోయింది, చాలు. రెండోసారి తట్టుకోలేను. పద, చెప్పేస్తా."

చెవి మిషన్ జేబులో వేసుకుని గడప దాటారు. ఆమె వెనకనుంచి పిలిచింది. పిలిచాక గుర్తొచ్చింది, వెనకనుంచి పిలిస్తే ఆయనకి పిలవనట్టే. పరుగెత్తింది. మెట్ల మలుపులో అత్తగారిని దాటుకుని, ఆయన భుజం పక్కనుంచి దూరి, రెండు మెట్లు కిందికి దిగి, వెనక్కి తిరిగి ఆయన దారికి అడ్డంగా నిలబడింది. మామగారి దారికి కోడలు అడ్డం నిలబడడం ఆ ఇల్లు చూడలేదు.

కింద హాల్లో డైరెక్టరు చెప్పులు విడుస్తున్నాడు. పెద్దకొడుకు స్టూడియో గుమ్మంలోంచి బయటికి వచ్చాడు.

"అమ్మాయ్, నాన్నగారిని రానియ్" అన్నాడు. ఎప్పటిలాగే గొంతు పెంచకుండా అన్నాడు.

ఆమె ఆయనకేసి తిరగలేదు. మాస్టారి మొహంలోకి చూస్తూ, ఒక్కో మాటనీ పెదాలతో చెక్కినట్టు చెప్పింది.

"మీకు వినపడింది. నిజంగానే. చెవి పోలేదు. కిందినుంచి ఆపేశారు."

మాస్టారు ఆమె పెదాలని చూస్తూ ఉండిపోయారు. అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మాత్రం ఆయన అడిగిన ప్రశ్న గేటు దాకా వినపడింది.

"ఎవరు?"

ఈ మాట అన్నాక ఇదే ఇంట్లో రేపు వంటింట్లోకి ఎలా నడవాలో తెలియదు. మొగుడు ఊళ్ళో లేడు. డైరెక్టరు తల ఎత్తి చూస్తున్నాడు. అయినా చెప్పింది.

"బావగారు."

పెద్దకొడుకు తడబడలేదు. బుకాయించనూ లేదు. నాలుగు మెట్లు ఎక్కి, తండ్రికి తన పెదాలు కనపడే చోట నిలబడ్డాడు.

"నేనే నాన్నగారూ. రోజూ నేనే ఆపాను. సినిమా కోసం అనుకుంటారు, అనుకోండి. నేను ఆపింది సినిమా కోసం కాదు. ఎందుకో నేను చెప్తే మీరు నమ్మరు. అమ్మనడగండి."

మాస్టారు వెనక్కి తిరిగారు. మలుపులో అత్తగారు మడతపెట్టిన బట్టలన్నీ గుండెకి పట్టుకుని నిలబడి ఉంది. భర్త మొహంలోకి చూడలేదు. తల వంచుకుంది. తల వంచుకుంటే ఆయనకి పెదాలు కనపడవని ఆవిడకి బాగా తెలుసు.

"నేనే ఆపించాను" అంది, కోడలికి మాత్రమే వినపడేంత చిన్నగా. "వినపడితే మళ్ళీ ఆ గదిలో కూర్చుంటారు. తిండి ఉండదు, నిద్ర ఉండదు. ఆ జ్వరం ఎందుకొచ్చిందో ఆసుపత్రిలో నాకు చెప్పారు, పెద్దవాడికి తప్ప మీకెవరికీ చెప్పలేదు. ఇంకొక్క సినిమా చేస్తే మనిషి దక్కరన్నారు. నాకు ఆయన కావాలమ్మా. పాట లేకపోయినా ఫర్వాలేదు, మనిషి కావాలి. నీకు దణ్ణం పెడతాను, ఆయనకి చెప్పకు."

మాస్టారు భార్య వంచిన తలకేసి చూశారు. తర్వాత నెమ్మదిగా కోడలి వైపు తిరిగి, ఆమె పెదాల మీద చూపు నిలిపారు.

"మీ అత్తయ్య ఏమందమ్మా?"